ఎడమ చెవి పక్క

తవిటయ్యను తవుడుకు కొన్నారు. ఇందులో వేళాకోళం ఏమీ లేదు. అతనికి ముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోతే, తల్లి వీడిని చేటలో పెట్టి పొరుగింటామె చేతికిచ్చి, దోసెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది. అంత చవక సరుకును యముడు ముట్టుకోడని పాలకొండ వైపు నమ్మకం. నమ్మకం సంగతి ఎలా ఉన్నా మనిషి మాత్రం నిలబడ్డాడు. తండ్రి వలసపోయి బెంగాలులోని ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో సుత్తి పట్టాడు, కొడుకు యార్డులో కర్ర పట్టాడు. ఖాకీ బట్టలు, ఈల, టార్చిలైటు, ఇత్తడి పొన్ను వేసిన వెదురు కర్ర. నిమ్‌పురా యార్డులో ఆగిన గూడ్సు బళ్లలోంచి బొగ్గూ ఇనుమూ పోకుండా చూసే కాపలా పోలీసు అతను.

చూసే తీరు మాత్రం అతనిదే. వ్యాగన్ల వరస మలుపు తిరిగే ముందు కర్రతో పట్టా మీద రెండు దెబ్బలు వేసేవాడు. ఇనుము మీద చప్పుడు చాలా దూరం పోతుంది. అది వినబడగానే బళ్ల కింద బొగ్గు ఏరుకునే ఆడవాళ్లు బుట్టలెత్తుకుని అవతలికి జారుకునేవారు. తవిటయ్య మలుపు తిరిగేసరికి అక్కడ దొంగా ఉండదు, దొంగతనమూ ఉండదు. “దొంగకి కబురెట్టి వొచ్చే పోలీసు” అని రైల్వే కాలనీ అంతా ఏడిపించేది. అతనూ నవ్వేవాడు.

“బుట్టెడు బొగ్గు కాడ మనిషిని జైల్లో ఎట్టమంటారేటి?” అనేవాడు.

చప్పుడుకి కదలని వాళ్లను చూస్తే మాత్రం “ఆగు నాయినా, ఆగు నాయినా” అని కేకలేస్తూ నాలుగడుగులు పరిగెత్తి, ఆయాసపడి తనే ఆగిపోయేవాడు. ఇందా అనే పేట నుంచి కొత్తగా వచ్చి యార్డు గేటు దగ్గర టీ కొట్టు పెట్టిన బెంగాలీ ఆయన మొదటిసారి ఆ కేక విని బిందెడు నీళ్లతో పరిగెత్తుకొచ్చాడు. బెంగాలీలో ఆగున్ అంటే నిప్పు. మన “ఆగు నాయినా” గబగబా అంటే వాళ్ల చెవికి ఆగున్, ఆగున్ అనే పడుతుంది. ఈ ముచ్చట చెప్పుకుని కాలనీ ఒక ఏడాది నవ్వింది. అప్పట్లో ఆ మాట నవ్వుకోవడానికే పనికొచ్చింది.

అతని జతగాడు సొలొమోను. టెక్కలి వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల బిడ్డ, తవిటయ్యకి రెండింతల ఒళ్లు, అంతకు రెండింతల గొంతు. ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు, ఒకే బీటు తిరిగారు. ఒకడి ఇంట్లో చేపల పులుసు కాగితే రెండోవాడి ఇంటికి వాసనతో పాటు గిన్నె కూడా వచ్చేది.

ఎనభై రెండు చలికాలంలో వ్యాగన్ల సీళ్లు తెంచే ముఠా ఒకటి యార్డులో దిగింది. వాళ్లకు ఎదురు వెళ్లినవి రెండు కర్రలు. వాళ్లలో ఒకడు సుతిలి తాడు చుట్టిన నాటుబాంబు విసిరాడు. అది సొలొమోను ఎడమ పక్కన పడి పేలింది. ఒళ్లు మానింది గానీ ఎడమ చెవి మానలేదు. ఆ చెవిలో ఇప్పుడు డప్పు కొట్టినా వినబడదు. ఆ సంగతి డాక్టరుకు తెలిస్తే పోలీసు పనికి పనికిరావని తీసి, ఏ ఆఫీసులోనో నీళ్ల కుండల పక్కన కూర్చోబెడతారు. సొలొమోనుకు అది చావుతో సమానం. అందుకని ఏటేటా వైద్య పరీక్షలో డాక్టరు కుడి చెవి మూయించి, ఎడమ చెవి దగ్గర అంకెలు గుసగుసగా చెబుతుంటే, తలుపు దగ్గర వరసలో ఉన్న తవిటయ్య అన్నేసి వేళ్లు డాక్టరు చూడకుండా సొలొమోనుకు కనబడేలా చాపేవాడు. సొలొమోను పరీక్ష నెగ్గేవాడు.

మొదటిసారి నెగ్గిన రోజున సొలొమోను అతన్ని కాలనీలో అమ్మవారికి మాతా పూజ జరిగే పందిరి దగ్గరికి లాక్కుపోయాడు.

“ఈ సెవి సంగతి ఎవులికీ సెప్పనని ఒట్టెయ్యి. నా దేవుడు ఒట్లు ఎట్టొద్దన్నాడు. నీ మాతకి ఆ పట్టింపు లేదు గదా, నువ్వెయ్యి.”

తవిటయ్య నవ్వుతూనే ఒట్టేశాడు. ఆనాటి నుంచి బీటులో ఎప్పుడూ సొలొమోనుకు కుడిపక్కనే నడిచాడు. ఎవరూ చెప్పకుండా పడిన అలవాటు అది.

ఎనభై ఆరులో పైనుంచి ఆర్డరు వచ్చింది. ఇకమీద యార్డు బీటులో అందరికీ తుపాకీ ఉండాలి. సాలువా వైపు మైదానంలో మట్టిదిబ్బల మీద గురి చూసి కాల్పించి, చేతికి రైఫిళ్లు ఇచ్చారు. పాతరోజుల్లో ఎక్కడో పోలీసుల చేతుల్లోంచి తుపాకులు లాక్కుపోయారని, రైఫిలును నడుము బెల్టుకి గొలుసుతో బిగించుకోవాలన్నారు. మనిషికి తుపాకీ కాపలానో, తుపాకీకి మనిషి కాపలానో తవిటయ్యకు అర్థం కాలేదు. దసరాకి భార్య దాలమ్మ ఏటేటా అతని కర్రకు పసుపు రాసి బొట్టు పెట్టేది. ఆ ఏడు తుపాకీకి బొట్టు పెడదామంటే డ్యూటీ దిగగానే అది ఆయుధాల గదిలోకి వెళ్లిపోయింది. దాలమ్మ కర్రకే బొట్టు పెట్టి మూలన నిలబెట్టింది.

తుపాకీ వచ్చాక లోకం కొంచెం వెనక్కి జరిగింది. టీ కొట్టు బల్ల మీద అతను కూర్చుంటే పక్కన ఉన్నవాళ్లు మర్యాదగా లేచేవారు. దొంగకి కబురెట్టే పోలీసు అని ఎవరూ అనడం లేదు. తనను ఏడిపించేవాళ్లు లేక తవిటయ్యకు దిగులేసేది. ఆ దిగులు ఎవరితోనైనా చెప్పుకుంటే నవ్వుతారని చెప్పుకోలేదు.

సొలొమోను మాత్రం ఛాతీ విరుచుకున్నాడు. నాలుగేళ్ల తర్వాత మళ్లీ బీటులో వెనక్కి తిరిగి చూసుకోకుండా నడిచాడు.

“ఆ పొద్దు నా సేతుల ఇదుంటే, నా సెవి నాకుండును,” అనేవాడు.

“ఆడి పేణం పోవును,” అనేవాడు తవిటయ్య.

“పోనీ. నాను సేసుకున్న పాపం ఏటి, ఆడు సేసుకున్న పున్నెం ఏటి?”

“అది కాదురా. కర్రతో తప్పుగా కొడితే మర్నాడు ఎల్లి తప్పయినాదని సెప్పుకోవచ్చు. దీంతో కొడితే ఎవులికి సెప్పుకుంటావు?”

“కర్రట్టుకుని ఎల్లినోడికి మర్నాడుంటాదా? అది సెప్పు ముందు.”

ఇద్దరి మాటా నిజమే. అందుకే ఆ తగువు ఏళ్ల తరబడి తెగలేదు.

తుపాకీతో పాటు ఇంకో నియమం కూడా వచ్చింది. జంటగా పక్కపక్కన నడవకూడదు. ఒకే బాంబుకి ఇద్దరూ పోకుండా పట్టాలకు చెరోపక్క, ఎడం ఎడంగా నడవాలి. హవల్దారు సొలొమోనును కుడికీ తవిటయ్యను ఎడమకీ వేశాడు. పక్కలు మార్చమని అడగాలంటే చెవి సంగతి చెప్పాలి. చెప్పలేరు కనుక, సిగ్నల్ క్యాబిన్ దాటి హవల్దారు కంటికి మరుగు కాగానే ఇద్దరూ చప్పుడు చేయకుండా పట్టాలు దాటి పక్కలు మారేవారు. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ మారేవారు. దొంగల్ని పట్టే పోలీసులు దొంగల్లా తిరిగారు. అలా రెండేళ్లు గడిచాయి.

ఎనభై తొమ్మిది జనవరిలో ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర తవిటయ్య మనసులో మాట బయటపెట్టాడు.

“హవల్దారుని అడుగుదామనుకుంటన్నాను. నాకు మళ్లీ కర్ర డ్యూటీయే ఇమ్మని.”

సొలొమోను గ్లాసు కింద పెట్టేశాడు. “మరి నా పక్కన ఎవులుంటారు?”

“ఎవుడో ఒకడొస్తాడు.”

“ఎవుడో ఒకడికి నా సెవి సంగతి తెల్దు. నువ్వు పుణ్యాత్ముడివి కావాల, దానికి నాను సావాల. అంతే గదా?”

అంత మాట అంటాడని తవిటయ్య అనుకోలేదు. అతనికీ కోపం వచ్చింది. మర్నాడు తెల్లవారుజామున ఇద్దరూ మాటల్లేకుండానే డ్యూటీ ఎక్కారు. పొగమంచు పాలలా కమ్మేసింది, చలికి సొలొమోను తలకీ చెవులకీ మఫ్లరు బిగించాడు. క్యాబిన్ దాటారు. పక్కలు మారాలంటే ఎవరో ఒకరు ముందు అటు నడవాలి. నువ్వు రా అని అతను, నువ్వే రా అని ఇతను, ఇద్దరూ బిగుసుకుని అలాగే నడిచారు. తవిటయ్య ఎడమ పక్కనే ఉండిపోయాడు.

బొగ్గు బళ్ల దగ్గర వ్యాగన్ చక్రం పక్కన ఎవరో గొంతుక్కూర్చుని ఉన్నారు. చేతిలో గుండ్రంగా, గుడ్డ చుట్టినట్టు ఏదో ఉంది. సొలొమోను రైఫిలు భుజానికెత్తాడు. అతని చెవిని తిన్న బాంబు కూడా అచ్చం అలాగే గుండ్రంగా ఉండేది. తవిటయ్యకు మనిషి మొహం కనబడలేదు గానీ, తలకు కట్టుకున్న ఎర్ర చారల తువ్వాలు కనబడింది. అది మాలతి. ఇందా అవతల నుంచి వచ్చి ఏళ్ల తరబడి బొగ్గు ఏరుకునే బెంగాలీ మనిషి. తన పట్టా దెబ్బలకు లేచి వెళ్లిపోయేవాళ్లలో ముందు ఉండేది ఆవిడే. తుపాకీ వచ్చినప్పటి నుంచి పట్టా మీద దెబ్బ పడటం లేదు. కర్ర ఇంట్లో మూలన ఉంది.

“ఆగు నాయినా, ఆగు, ఆగు నాయినా,” అని తవిటయ్య గొంతు చించుకుని అరిచాడు. అరిచింది సొలొమోనుతో.

సొలొమోనుకు వినబడలేదు. మాలతి విన్నది. ఆగున్, నిప్పు. బొగ్గు బండి అంటుకుందనుకుంది పాపం. చేతిలో బొగ్గు చుట్టిన గుడ్డతోనే దిగ్గున లేచి, మంచులో దారి తెలియక సరిగ్గా సొలొమోను మీదికే పరిగెత్తింది. తుపాకీ పేలింది.

గుండు మోకాలిని పగలగొట్టింది. పడిన మనిషి గుడ్డలోంచి బొగ్గు పెళ్లలు దొర్లడం చూసి సొలొమోను అక్కడే కూలబడ్డాడు. తర్వాత అతనే ఆమెను భుజాన వేసుకుని గేటు దాకా పరిగెత్తాడు. నడుముకున్న గొలుసుకి వేలాడుతూ రైఫిలు అతని కాళ్లకు కొట్టుకుంటూ వచ్చింది. దారి పొడుగునా “ఏసయ్యా, ఏసయ్యా” అంటూనే ఉన్నాడు. తవిటయ్య వెనకే పరిగెత్తాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

విచారణకు బయటినుంచి ఒక అధికారి వచ్చాడు. ఒక్కొక్కరిని విడివిడిగా పిలిచాడు. ఆసుపత్రి మంచం మీద మాలతి చెప్పింది: నిప్పు నిప్పు అని పోలీసన్న అరిచాడు, అందుకే పరిగెత్తాను. సొలొమోను చెప్పాడు: ఎవరూ అరవలేదు, చేతిలో బాంబులాంటిది కనబడింది, నా మీదికి వచ్చింది, కాల్చాను. ఆఖర్న తవిటయ్యను కూర్చోబెట్టి ఆయన హిందీలో మెత్తగానే అడిగాడు.

“మీ భాషలో ఆగు అంటే నిలబడమని కదా. ఆమెను నిలబడమని అరిచావు. ఆమె నిలబడలేదు. అంతేనా?”

అవునంటే అయిపోతుంది. హెచ్చరించారు, వినలేదు, కాల్చారు. చట్టం తృప్తి పడుతుంది, సొలొమోను బయటపడతాడు. దాలమ్మ పొద్దున్న గడపలో నిలబడి చెప్పింది కూడా అదే: “అవునను మావా. ఆ మనిషి కాలు ఎలాగూ రాదు. మనోడి కూడేనా నిలబడతాది.” తవిటయ్య నోరు తెరిచాడు. మంచం మీద పడున్న మాలతి గుర్తొచ్చింది. అవునంటే ఆమె రేపటి నుంచి పోలీసు ఆగమంటే ఆగని దొంగ. కర్ర ఉన్నన్నాళ్లూ తన చప్పుడు వింటే చాలు, బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయిన మనిషి ఆమె.

“కాదు సార్. సొలొమోనుని ఆగమన్నాను,” అన్నాడు.

అధికారి తలెత్తాడు. “సొలొమోను ఎవరూ అరవలేదంటున్నాడే. అంత దూరాన ఉన్న ఆడమనిషికి వినబడ్డ కేక పక్కవాడికి వినబడలేదా? అయితే అతను అబద్ధమాడుతున్నాడు. అంతేనా?”

ఒక్క మాట చాలు. సార్, అతనికి ఎడమ చెవి వినబడదు. ఆ మాట తవిటయ్య నాలుక చివరిదాకా వచ్చింది. మాత మీద వేసిన ఒట్టు గుర్తొచ్చింది. చెవి సంగతి బయటపడటం వాడికి చావుతో సమానమన్నది గుర్తొచ్చింది. వీటితో పాటు ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. డాక్టరు చూడకుండా వేళ్లు చాపినవాడు ఎవడని అడుగుతారు. తవిటయ్య తల దించుకుని కూర్చున్నాడు. అధికారి కాసేపు చూసి, ఆ మౌనాన్ని అవునని రాసుకున్నాడు.

ఆగమన్నా కాల్చినందుకూ, పైగా అబద్ధమాడినందుకూ సొలొమోనును ఉద్యోగంలోంచి తీసేశారు. చెవి సంగతి చెప్పి ఉంటే నీళ్ల కుండల పక్కనో ఎక్కడో కుర్చీ దొరికేదని తవిటయ్యకు తర్వాత తట్టింది. కొన్ని తెలివితేటలు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాయి.

క్వార్టరు ఖాళీ చేసే రోజున తవిటయ్య వెళ్లాడు. సొలొమోను భార్య ఎలీసమ్మ గిన్నెలు మూట కడుతోంది, చుట్టుపక్కల వాళ్లు గుమ్మంలో ఉన్నారు. సొలొమోను బయటికి వచ్చాడు.

“నువ్వు అరవలేదు. నీ తల తప్పించుకోడానికి అరిసినానన్నావు. నన్ను అబద్ధాలోణ్ని సేసినావు. ఎలిపో,” అన్నాడు.

చెప్పాలంటే నలుగురిలో చెవి మాట ఎత్తాలి, ఎత్తితే ఒట్టు పోతుంది అనుకున్నాడు తవిటయ్య. ఉద్యోగమే పోయినవాడికి ఆ ఒట్టుతో పనేమిటని అనుకోలేదు. వెళ్లిపొమ్మంటే వెళ్లిపోయాడు.

సొంత జతగాడి నోట మట్టి కొట్టినోడు అని కాలనీ మొహం తిప్పుకుంది. వాళ్లను తప్పు పట్టడానికి లేదు, వాళ్లకు తెలిసింది అంతే. తవిటయ్య అడిగి అడిగి కర్ర డ్యూటీ సంపాదించాడు. తుక్కు ఇనుము యార్డు వెనక గేటు, పిచ్చి తుమ్మలు, ఒక రేకుల గది. ఇంకెవరూ రారు. అయినా పొద్దున్నే వెళ్లి పట్టా మీద రెండు దెబ్బలు వేసేవాడు. వినేవాళ్లు లేని చప్పుడు మహా చెడ్డది, మనిషిని లోపల్నుంచి తింటుంది. దాలమ్మ ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఒక గొంతు ఉండేది. తొంభై నాలుగులో జ్వరం ఆమెను తీసుకుపోయాక, వంట చేసుకుంటూ గిన్నెలతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఒకసారి మాలతి ఆ గేటు వైపు వచ్చింది. కుంటుతూ, చేతికర్ర మీద ఆనుకుని. తువ్వాలు అదే, జుట్టు నెరిసింది. వచ్చీ రాని బెంగాలీలో తవిటయ్య ఇన్నాళ్ల బరువు దించుకోబోయాడు.

“దీదీ, ఆ రోజు కేక నీతో కాదు. నా జతగాడితో. కాల్చొద్దని.”

“మరి నాకొక్కదానికే ఎందుకు వినబడింది దాదా?” అని మాలతి అడిగింది.

అందులో నిష్ఠూరం లేదు. నిజంగానే తెలియక అడిగింది. తవిటయ్య దగ్గర జవాబు ఉంది. చెప్పలేదు. ఆమె చేతికర్ర ఊతంగా వెళ్లిపోయింది.

సొలొమోను గోల్‌బజార్‌లో ఒక మార్వాడీ బట్టల గోదాము ముందు కాపలా మనిషిగా కుదిరాడు. స్టూలు, టోపీ, చేతిలో కర్ర. తుపాకీ లేనిదే పోలీసు లేడన్నవాడికి చివరికి కర్రే మిగిలింది. తవిటయ్య ఆదివారాలు సరుకులకు బజారుకి వెళ్లేవాడు. గోదాము ముందు నుంచి వెళ్తూ, స్టూలుకి ఎడమపక్కగా, వెనకనుంచి, ఒక్క క్షణం ఆగి మెల్లగా అనేవాడు: “నీకే అరిసినాన్రా. నీకే.” సొలొమోను బజారు వైపు చూస్తూ ఉండేవాడు. తవిటయ్య ఉల్లిపాయల సంచీతో ముందుకి వెళ్లిపోయేవాడు. వినబడని పక్కనుంచి చెప్పడం కూడా చెప్పడమే అని తనకు తాను నచ్చజెప్పుకుంటూ ఏళ్లు గడిపాడు. ఒంటరితనం మనిషి చేత ఇలాంటి పనులు చేయిస్తుంది.

తొంభై ఎనిమిదిలో రిటైరయ్యాడు. ఆఫీసులో దండ వేశారు, మిఠాయి పొట్లం ఇచ్చారు. ఇంటికి తీసుకువెళ్తే తినేవాళ్లు లేరు. ఒక చేత పొట్లం, ఒక చేత తన కర్ర పట్టుకుని అలాగే గోల్‌బజార్ వెళ్లాడు. ఈసారి కుడి పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

“సొలొమోనా.”

సొలొమోను తల తిప్పాడు. గుర్తుపట్టాడు. లేవలేదు, తిట్టలేదు.

“ఆ పొద్దు నాను అరిసినాను. నిజింగా అరిసినాను. నీకే.”

“నాకు ఇనబడలేదు.”

“ఎడం పక్కనున్నాను గదా. మనం పక్కలు మారలేదు ఆ పొద్దు. మాటల్లేవు.”

సొలొమోను చేయి తనకు తెలియకుండానే ఎడమ చెవి మీదికి వెళ్లింది. చేపల బుట్టలు మోసుకుంటూ ఎవరో ఇద్దరి మధ్య నుంచి దారి చేసుకుని పోయారు. వాళ్లు పోయాక సొలొమోను అడిగాడు.

“మరి ఆ ఆఫీసరుకి సెప్పలేదేం, నా సెవి సంగతి?”

“ఒట్టేయించినావు గదా.”

“ఒట్టేనా?”

తవిటయ్యకు ఇక దాచుకునే ఓపిక లేదు. “డాట్రు కాడ వేళ్లు సూపించినోణ్ని నానే. నా నౌకరీ కూడా పోవును. అదీ ఉన్నాది,” అన్నాడు.

సొలొమోను తల ఊపాడు. కోపంతో కాదు, ఎప్పటినుంచో రాని లెక్క ఇప్పుడు తేలినట్టు.

“ఇన్నాళ్లూ నువ్వు అబద్ధమాడినావనుకున్నాను. అలాగనుకున్నదే నయిం,” అన్నాడు.

అని లేచి, స్టూలు ఎత్తి, తిప్పి వేసి కూర్చున్నాడు. ఇప్పుడు అతని ఎడమ చెవి తవిటయ్య వైపు ఉంది. తవిటయ్య మిఠాయి పొట్లం అతని కాళ్ల దగ్గర పెట్టాడు. ఇంకేదో చెప్పాడు కూడా, బజారు గోలలో తనకే సరిగా వినబడలేదు. తన కర్ర పట్టుకుని నిమ్‌పురా వైపు నడిచాడు.